రిగ్గు పిల్లకి పుట్టిల్లు

తాటిపాక పక్క పొలాల్లో రిగ్గు నిలబడిన ఏడు, నేలలోంచి చమురు పైకి రాకముందే ఊళ్ళో ఇంటి అద్దెలు పైకి లేచాయి. అది 1983. అంతకు ముందు నెలకి పాతిక రూపాయలిస్తే పెంకుటింట్లో సగం వాటా దొరికేది. ఇప్పుడు ఆ సగంలో ఒక్క గది నూట ఇరవై. పశువుల పాకలో ఆవుని వెనక్కి కట్టి, ముందు భాగానికి సున్నం కొట్టించి, అద్దెకివ్వబడును అని బోర్డు పెట్టిన ఆసామి కూడా ఉన్నాడు. ఆవు సర్దుకుంది గాని, దిగినవాడు వారం తిరక్కుండా పోయాడు.

రిగ్గు మనుషుల్లో రెండు రకాలు. ప్రభుత్వ సంస్థ ఉద్యోగులకి రాజమండ్రిలో క్వార్టర్లు, ఆసుపత్రి కార్డు, తిరగడానికి జీపు. కాంట్రాక్టరు ఎక్కడెక్కడి నుంచో తోలుకొచ్చిన కూలీలకి తల మీద టోపీ, కాళ్ళకి బూట్లు, అంతే. గొలుసులు లాగేది, బురదలో గొట్టాలు మోసేది మాత్రం ఈ రెండో రకం. వాళ్ళెక్కడ పడుకుంటారు, జ్వరమొస్తే ఎవరికి చెప్పుకుంటారు, చేతికొచ్చిన జీతం ఎక్కడ దాచుకుంటారు అన్న ప్రశ్నలు ఏ కాంట్రాక్టు కాగితంలోనూ లేవు. ఆ ప్రశ్నలకి జవాబు వెతికి పెట్టిన మనిషి నేలపూడి సూరమ్మ. ఆమెకి రిగ్గుతో ఏ సంబంధమూ లేదు. సంక్షేమ హాస్టల్లో వంటమనిషి.

సూరమ్మకి అప్పటికి యాభై దాటాయి. మామిడికుదురు దగ్గర పాలేరు కూతురు. మిషను బళ్ళో అయిదో తరగతి దాకా చదివింది. భర్త దానం కొబ్బరి దింపు తీసే మనిషి. రోజుకి అరవై చెట్లెక్కి దిగుతాడు, దిగాక అరవై మాటలు కూడా మాట్లాడడు. అదేమంటే, "మా ఇద్దరి వాటా మాటలూ ఆవిడే మాట్లాడేస్తదండి" అంటాడు.

హాస్టల్లో పద్దెనిమిదేళ్ళు గరిటె తిప్పినందువల్ల సూరమ్మకి వంటతో పాటు మరో విద్య పట్టుబడింది. పిల్లల్ని చేర్పించడానికి వచ్చే కూలి తల్లిదండ్రులకి కులం సర్టిఫికెట్టు ఎక్కడ పుడుతుందో, ఆదాయం సర్టిఫికెట్టు మీద ఎవరు సంతకం పెడతారో తెలియదు. వాళ్ళని వెంటబెట్టుకుని రాజోలు తాలూకా ఆఫీసుకి వెళ్ళి వెళ్ళి, ఏ బల్ల దగ్గర ఎంతసేపు నిలబడాలో ఆమెకి కంఠతా వచ్చేసింది.

"కాగితం కూడా అన్నం లాంటిదేనండి" అనేది. "పొయ్యి మీద పెట్టేసి ఊరెళ్ళిపోతే ఉడకదు, మాడుద్ది. పక్కన నిలబడాలి."

ఒక మధ్యాహ్నం ఆమె మనియార్డరు కట్టడానికి పోస్టాఫీసుకి వెళ్ళింది. కిటికీ ముందు ఒక పొడుగాటి కుర్రాడు, బూట్ల నిండా బురదతో, వచ్చీ రాని తెలుగులో ప్రాధేయపడుతున్నాడు. పేరు ప్రదీప్ గొగోయ్. అస్సాం. రిగ్గు మీద పని. నర్సాపురం వైపు ఏడాది చేసి ఇటు వచ్చాడు. జీతం డబ్బులు నడుముకి గుడ్డలో కట్టుకుని తిరుగుతున్నాడు, స్నానం చేసేటప్పుడు చెట్టుకి కట్టుకుంటున్నాడు. సేవింగ్సు పుస్తకం ఇమ్మంటున్నాడు.

"ఇవ్వనని కాదు బాబూ, నిన్ను ఎరిగున్నవాళ్ళొకళ్ళు సంతకం పెట్టాలి. అది రూలు" అన్నాడు పోస్టుమాస్టరు. మర్యాదస్తుడే. "ఈ అబ్బాయిని ఇక్కడెవరైనా ఎరుగుదురా అండీ?"

వరసలో ఉన్నవాళ్ళు గోడ మీది తేదీల కాగితం చూశారు.

"నేనెరుగుదునండి" అంది సూరమ్మ.

"నువ్వా? ఎప్పట్నుంచి?"

"ఇప్పట్నుంచేనండి. రూల్లో ఎన్నేళ్ళని ఉందా అండి?"

రూల్లో లేదు. పోస్టుమాస్టరు ఫారం ముందుకి తోశాడు. సూరమ్మ మిషను బడి అక్షరాలతో సంతకం పెట్టి, కుర్రాడి వైపు తిరిగి, "నాకు మాట రాకుండా చూడు బాబూ" అంది. అతను ఆమె కాళ్ళకి దండం పెట్టబోతే వెనక్కి జరిగి, "ముందు ఆ నడుం గుడ్డ విప్పు, అయ్యగారు ఎదురు చూస్తన్నారు" అంది.

డబ్బుకి చోటు దొరికింది. మనిషికి దొరకాలి. ఇళ్ళవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, మీరేమిట్లు? కోనసీమలో కులం తెలియకుండా చెంబుడు మంచినీళ్ళు పోయడానికే తటపటాయించేవాళ్ళుంటే, గది ఎవరిస్తారు? గొగోయ్ అనేది ఏ మెట్టు మీదిదో ఎవరికీ అంతు పట్టలేదు. కొబ్బరితోట ఆసామి గోవిందరాజులు గారయితే రెండు రోజులు ఆలోచించి, కాంట్రాక్టరు దగ్గర గుమస్తాగా ఉన్న కనకరాజుని పిలిచి అడిగాడు.

కనకరాజుకి గది కుదిర్చినందుకు కమీషను ముడుతుంది. "రాజులండీ" అన్నాడు. "వాళ్ళు అక్కడ ఆరొందలేళ్ళు రాజ్యాలేలేరంట."

ఏలిన సంగతి నిజమే. ఆ కులంవాళ్ళు అస్సాంని ఏలారు. అయితే ఆ లెక్కన గొలుసు లాగే కుర్రాడికి కోనసీమలో ముందుగది దక్కడం చరిత్రలో ఎవరూ ఊహించని లాభం. గోవిందరాజులు గారు మురిసిపోయి ఒక్క షరతు పెట్టాడు. "ఒంటరి మగాడికి ఇవ్వం. ఫ్యామిలీ ఉండాలి. ఆడమనిషి లేని గదికి మా ఇంటావిడ ఒప్పుకోదు."

ఫ్యామిలీ ఉంటేనే గది కాబట్టి ప్రదీప్ ఇంటికి ఉత్తరం రాశాడు. మూడు పగళ్ళు, నాలుగు రైళ్ళు మారి, మరిదిని తోడు తీసుకుని అతని భార్య జోనాలీ అక్టోబరులో దిగింది. పంతొమ్మిదేళ్ళు. చీరే రెండు ముక్కలుగా కట్టుకుంటుంది. రాగానే సూరమ్మకి తెల్లటి తువ్వాలు మీద వక్కలు పెట్టి ఇచ్చింది. వాళ్ళ వైపు ఇంటికొచ్చిన మనిషికి అదే మర్యాదట.

"ఇంత దూరం వచ్చి వక్కే ఇస్తే ఎలాగమ్మాయ్? మా దొడ్లో చెట్లన్నీ అవే" అంది సూరమ్మ, ఒక వక్క బుగ్గన పెట్టుకుంటూ. జోనాలీకి అర్థం కాకపోయినా నవ్వింది. వానకి వాన, వరికి వరి, చేపకి చేప. అంతా వాళ్ళూరులానే ఉందని, మాటలే వేరని, వారం రోజుల్లో మొగుడి చేత చెప్పించింది.

మరిది తిరిగి వెళ్ళిపోయాడు. మూడు వారాలు బాగానే గడిచాయి. నాలుగో వారంలో గోవిందరాజులు గారి భార్య మంగాయమ్మ, దండెం మీద బట్టలు ఆరేస్తున్న జోనాలీని పక్కనించి చూసింది. రెండు ముక్కల చీర అప్పటిదాకా దాచిన సంగతి ఎదురెండలో దాగలేదు. అయిదో నెల నిండి ఆరో నెల.

ఆ సాయంత్రమే గోవిందరాజులు గారు ప్రదీప్‌ని అరుగు మీదకి పిలిచాడు.

"చూడు బాబూ. ఫ్యామిలీ ఉండాలన్నాం గాని, ఫ్యామిలీ పెరగాలన్లేదు."

లోపల్నుంచి మంగాయమ్మ అందుకుంది. "మొదటి కాన్పు పుట్టింట్లో కదా జరగాలి? అద్దెకున్నవాళ్ళ పురుడు మా ఇంట్లో పోసుకుంటే మైల మాకు. పది రోజులు దేవుడి దగ్గర దీపం పెట్టక్కర్లేదా? ఏడో నెల వచ్చేలోపు పంపించేయ్. లేపోతే గది ఖాళీ చెయ్యి."

ఆమె దుర్మార్గురాలు కాదు. ఆ మాట చెప్పిన మర్నాడే జోనాలీకి గిన్నెడు పెరుగన్నం పంపింది. ఆచారం అనేది ఇలాగే ఉంటుంది. ఎడం చేత్తో ఇల్లు లాక్కుని, కుడి చేత్తో పెరుగన్నం పెడుతుంది. ఎడం చెయ్యి చేసిన పని కుడి చేతికి గుర్తు కూడా ఉండదు.

ప్రదీప్ వారం రోజులు ఇళ్ళ కోసం తిరిగాడు. కడుపుతో ఉన్న ఆడమనిషికి గది అంటే ఎవరూ తలుపు సగం కూడా తియ్యలేదు. రైలెక్కిద్దామంటే, కాళ్ళు నీరు పట్టాయి, అంత ప్రయాణం పనికిరాదని రాజోలు సర్కారు ఆసుపత్రి డాక్టరమ్మ ఖండితంగా చెప్పింది. చివరికి సూరమ్మే అతన్ని ప్రభాకరరావు మాస్టారి దగ్గరికి తీసుకెళ్ళింది. సూరమ్మ వాళ్ళ పల్లెలోంచే పైకొచ్చిన మన సంఘం మనిషి, హైస్కూలు హెడ్మాస్టరు, రోడ్డు మీద కొత్తగా డాబా కట్టాడు, పై వాటా ఖాళీగా ఉంది.

మాస్టారు కుర్చీ వేయించి, కాఫీ ఇప్పించి, సంగతంతా సానుభూతితో విన్నాడు. "ఆఫీసర్లకిద్దామనుకుంటున్నామమ్మా సూరమ్మా. డాబాకి ఓ లెవెలుంటుంది కదా. మా ఇంటికి పేరు పోతే..."

"మీ నాన్నగారూ మా నాన్నా ఒకే గట్టు మీద గుడిసెలేసుకున్నారండి మాస్టారూ" అంది సూరమ్మ మెల్లగా. "అప్పుడు మన లెవెలు కాలవ నీళ్ళు చెప్పేయి. పెరిగితే లేచేవాళ్ళం, తగ్గితే దిగేవాళ్ళం."

మాస్టారు కాఫీ తాగడం మానేశాడు. గది మాత్రం ఇవ్వలేదు. చదువు మనల్ని గట్టు దించిందన్నది నిజమే. డాబా ఎక్కాక గట్టు మీద మిగిలినవాళ్ళు కనిపించడం మానేశారన్నదీ అంతే నిజం. రెండోది మాట్లాడుకోవడానికే మనకి మొహమాటం.

సూరమ్మ ఇంత పట్టుగా తిరగడానికి కారణం ఆమె ఎప్పుడూ నవ్వుతూనే చెప్పేది. పెళ్ళయిన కొత్తలో ఆసామి గారి కాలవ గట్టు మీద గుడిసె. కూలి దగ్గర మాటా మాటా వచ్చింది. ఆమె పురుటి మంచం మీద ఉండగా గుడిసె ఎత్తెయ్యమని కబురొచ్చింది. దానం తాటాకులు విప్పి నెత్తిన పెట్టుకుంటే, ఆమె పసిగుడ్డుని ఒళ్ళో పెట్టుకుని ఆ రోజంతా బండి కింద కూచుంది. "మా ప్రకాశరావు పదకొండో రోజుకే ఇల్లు మారేడండి" అనేది. "అందుకే కాకినాడలో గుమాస్తా ఉద్యోగానికి ఎన్ని ట్రాన్సుఫర్లేసినా బెదరడు." 1974లో కాలనీ పట్టా చేతికొచ్చిన రోజున ఆమె చేసిన మొదటి పని, తన ఇంటి నంబరు గోడ మీద బొగ్గుతో తనే రాసుకోవడం.

మాస్టారింటి నుంచి వచ్చాక ప్రదీప్ కాలనీ ఇంటి చూరు కింద కూలబడ్డాడు. "మాతాజీ, ఇంక నా దగ్గర దారి లేదు. పని వదిలేసి, మెల్లగా ఎలాగోలా తీసుకుపోతాను" అన్నాడు.

"మంగాయమ్మగారు ఏవన్నారో మళ్ళీ చెప్పు బాబూ. ఉన్నదున్నట్టు చెప్పు."

"మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి అన్నారు."

సూరమ్మ కాసేపు బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూచుంది. తర్వాత చేట పక్కన పెట్టి, "బాగానే చెప్పేరు కదా" అంది.

మర్నాడు తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, పళ్ళెంలో పసుపు, కుంకుమ, ఒక జాకెట్టు గుడ్డ, రెండు కొబ్బరికాయలు పెట్టుకుని గోవిందరాజులు గారి వాకిట్లో నిలబడింది. కుంకుమ ఆమె పెట్టుకోదు, ఆదివారం ఏసుప్రభువు గుడికి వెళ్ళే మనిషి. పక్క వీధి మరిడమ్మ దగ్గర అడిగి తెచ్చింది. మంగాయమ్మ అరుగు మీద అప్పడాలు ఆరబెడుతోంది.

"ఏంటి సూరమ్మా, పేరంటానికొచ్చినట్టు వచ్చేవు?"

"మా అమ్మాయిని తీసికెళ్దామని వచ్చేనండి. ఏడో నెల వస్తంది కదండి."

"మీ సుగుణకా? దానికింకా పెళ్ళే కాలేదు కదే?"

"సుగుణ కాదండి, అది కాకినాడలో అన్నయ్య దగ్గరుంది. మీ ముందుగదిలో ఉన్న అమ్మాయండి."

మంగాయమ్మ చేతిలో అప్పడం అలాగే ఉండిపోయింది. "అది నీకు అమ్మాయెలా అవుద్ది?"

"కన్నతల్లి రాలేని దూరంలో ఉందండి. అలాంటప్పుడు ఎవరో ఒకరు రావాలి కదండి. మొదటి కాన్పు పుట్టింట్లోనే అని తమరే సెలవిచ్చేరు. పెద్దలు చెప్పిన మాట, కాదనకూడదని నేనే వచ్చేను."

మంగాయమ్మకి గుండెల మీది బరువు దిగినట్టయింది. "తీసికెళ్ళు తల్లీ, పుణ్యముంటాది. ఆ సామాను కూడా పట్టుకుపోతే గది..."

"సామానెందుకండీ? పురిటికెళ్ళిన పిల్ల కాపురం ఎత్తేసుకుని వెళ్తుందేటండీ? మొన్న మీ సూర్యకుమారి గారు పురిటికొచ్చినప్పుడు అత్తారింట్లో ఆవిడ మంచం తీసి బయటేసేరా అండి?"

కూతురి పేరు వచ్చేసరికి మంగాయమ్మ కొంగు నడుముకి చుట్టింది. "నోటికెంత మాటొస్తే అంతేనా? మా అమ్మాయి మంచం ఎవరు తీస్తారు?"

"ఎవరూ తియ్యరండి. ఆయ్. నేనూ అదే చెప్తన్నా. కాన్పవ్వుద్ది, మూడో నెలలో మంచి రోజు చూసి సారె పెట్టి దించుతాం. అంతవరకూ గదికి తాళం, నెలనెలా అద్దె."

మంగాయమ్మకి ఈ లెక్కలో ఏదో తేడా ఉన్నట్టుంది గాని అదెక్కడో దొరకలేదు. మొగుణ్ణి పిలిచింది. గోవిందరాజులు గారు వచ్చి నిలబడి మనసులో గుణించుకున్నాడు. మనిషుండదు. నూతిలో నీళ్ళు తోడరు. కరెంటు కాలదు. ఒంటరి మగాడు గదిలో ఉండకూడదన్నది తన షరతే కాబట్టి ప్రదీప్ కూడా సైటులోనే పడుకుంటాడు. అద్దె మాత్రం వస్తుంది.

"బానే ఉంది" అన్నాడు.

"రసీదు ఇప్పించాలండి."

"తాళానికి రసీదేంటే?"

"తాళానికి నోరు లేదు కదండి. రేపు దాని తరఫున మాట్లాడ్డానికి ఓ కాగితం ఉండాలి."

రసీదు రాశాడు. ఇంటి నంబరుతో సహా. ఆ ఇంటి నంబరు రసీదే పట్టుకుని సూరమ్మ తాలూకా ఆఫీసులో మూడు మధ్యాహ్నాలు నిలబడి ప్రదీప్‌కి రేషను కార్డు రాయించింది. చక్కెర, కిరసనాయిలు వచ్చాయి. పక్కన నిలబడితే కాగితం ఉడుకుతుందన్నది ఆమె విషయంలో అబద్ధం కాలేదు.

ఇక వైద్యం. ప్రదీప్ జీతంలోంచి నెలకి పదిహేను రూపాయలు వైద్యం కింద పట్టుకుంటున్నారు. కార్డు లేదు, డాక్టరు లేడు, ఆస్ప్రిన్ బిళ్ళ కూడా లేదు. ఒక్క ప్రదీప్‌కే కాదు, నలభై ముగ్గురికి. సూరమ్మ చేతిలో టిఫిన్ క్యారేజీ పట్టుకుని సైటు గేటు దగ్గరికి వెళ్ళి కనకరాజుని పిలిపించింది.

"కనకరాజు గారూ, ఈ పదిహేను రూపాయల మందు ఎక్కడ పోస్తారండి?"

"అది కంపెనీ వ్యవహారం, సూరమ్మా. నీకెందుకు?"

"నాకెందుకండీ, వంటమనిషిని. కాకినాడలో లేబరాఫీసులో ఉన్న కృష్ణమూర్తి గారు మా హాస్టలు పిల్లాడేనండి. పండక్కి వస్తే నా చేతి పులుసు తినకుండా వెళ్ళడు. తింటా తింటా, ఊళ్ళో సంగతులేంటి పిన్నీ అని అడుగుతాడు. ఏం చెప్పమంటారో చెప్తే, అదే చెప్తాను."

కనకరాజు టోపీ తీసి నెత్తి గోక్కున్నాడు. వారంలో కాంట్రాక్టరు రాజోల్లో ఒక డాక్టరుతో మాట్లాడి నలభై ముగ్గురికీ చీటీలిప్పించాడు. ఆడవాళ్ళ పురిటికి సైటు జీపు ఇస్తానని కాగితం మీద రాశాడు. అది దయ కాదు. వాళ్ళ డబ్బు వాళ్ళకే, అదీ సగం మాత్రం తిరిగి రావడం. కాని నలభై ముగ్గురు మగాళ్ళు ఏడాదిగా అడగలేని మాట అది. అలసిపోయినవాడికి అడిగే ఓపిక మిగలకుండా చూసుకోవడం కూడా కాంట్రాక్టు పనిలో భాగమే.

కాలనీ ఇల్లు ఒకే గది, ముందో వసారా. గది జోనాలీకి ఇచ్చేసి మొగుడూ పెళ్ళాలు వసారాలోకి మారారు. దానం అభ్యంతరం చెప్పలేదు. "చెట్టు మీద కంటే వెడల్పుగానే ఉంది" అన్నాడు. జోనాలీ ఒకరోజు వాళ్ళూరి పద్ధతిలో పుల్లటి చేపల కూర వండింది. దానం శ్రద్ధగా తిని, చెయ్యి కడుక్కుని, "బాగుందమ్మా. రేపు ఇందులో కారం కూడా ఏసి చూడు" అన్నాడు. కాలనీ ఆడవాళ్ళు రోజుకొకరు ఒకటి తెచ్చేవారు. నువ్వులుండ, బొప్పాయి వద్దన్న సలహా, పాత చీర. పుట్టింటికి వచ్చిన పిల్ల కదా, ఊరకే చూసి వెళ్ళకూడదు.

ఫిబ్రవరిలో ఒక పొద్దుట నొప్పులొచ్చాయి. జీపు వచ్చింది. రాజోలు ఆసుపత్రిలో నర్సు పేరు రాసుకుని, "ఎవరి తాలూకు?" అని అడిగింది. "నా తాలూకేనండి" అని సూరమ్మ కాలనీ ఇంటి నంబరు చెప్పింది. పదకొండు గంటలకి ఆడపిల్ల. తండ్రి సైటు నుంచి బురద బూట్లతోనే పరిగెత్తుకొస్తే, గుమ్మంలో ఆపి కాళ్ళు కడిగించింది.

కథ ఇక్కడితో అయిపోతే అందరికీ సుఖంగా ఉండేది. కాని పురుడు కాలనీలో జరిగిందన్న మాట మంగాయమ్మ దాకా వెళ్ళింది. జరుగుతుందని ముందే తెలుసు, అయినా జరిగాక విన్నప్పుడు వేరుగా వినిపించింది. "రాజులని గదిస్తే మాలపల్లి పురుడా" అని పక్కింటి వెంకటరమణమ్మ ఒక మాట విసిరింది. సరిగ్గా అప్పుడే ఎవరో ఇంజినీరు ఆ ముందుగదికి రెండొందలిస్తానన్నాడు. ఏప్రిల్ ఆఖర్న గోవిందరాజులు గారు ప్రదీప్‌కి కబురు పెట్టాడు. గది అవసరం పడింది, సామాను తీసుకుపొమ్మని.

ప్రదీప్ కాలనీకి వచ్చి చెప్పాడు. దానం వసారాలోంచి, "ఇక్కడే ఉండిపొమ్మను. నాకలవాటయిపోయింది" అన్నాడు.

"వద్దు" అంది సూరమ్మ. "పుట్టిల్లు పుట్టిల్లే, కాపురం కాపురమే. ఇప్పుడీ పిల్ల వెనక్కి తగ్గితే, రేపు కడుపుతో వచ్చే ఏ రిగ్గు పిల్లకీ ఈ ఊళ్ళో గది పుట్టదు. గురువారం దించుతామని కబురు చెయ్యి."

గురువారం పది గంటలకి కాలనీ నుంచి ఊరేగింపు బయల్దేరింది. ముందు ప్రదీప్, చేతిలో ఆరు రసీదులు. వెనక జోనాలీ, ఒళ్ళో మూడో నెల పిల్ల. సూరమ్మ నెత్తిన సారె బుట్ట, అందులో కజ్జికాయలు, సున్నుండలు, అరటిపళ్ళ అత్తం. చివర్న దానం, కావిడికి రెండు కొబ్బరి గెలలు. తోవలో కనబడ్డవాళ్ళంతా, "ఎక్కడికి సూరమ్మా?" అని అడగడం, "అమ్మాయిని దించడానికండి" అని ఆమె చెప్పడం, ఇలా ఆ మాట ఆమెకంటే ముందే గోవిందరాజులు గారి వీధికి చేరిపోయింది. అరుగుల మీద జనం.

గోవిందరాజులు గారు ముందుగది తలుపుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూచున్నాడు. ప్రదీప్ రసీదులు ఇచ్చాడు. ఆయన ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. తన దస్తూరీయే. చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివాడు.

"గది అవసరం పడిందని చెప్పేను కదా."

"మే నెలది కూడా తమరే ముందుగా తీసుకున్నారండి" అంది సూరమ్మ. "గదిలో చేరతాం. ఖాళీ చెయ్యమని చెప్పాలంటే ఆ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు పిల్ల లోపలికెళ్ళాలి, ఎండగా ఉంది."

"అయితే వెళ్ళమను" అన్నాడు ఆయన, కుర్చీ కదపకుండా.

"ఎలా వెళ్తుందండీ? పురిటి నుంచి వచ్చిన తల్లీ బిడ్డా దిష్టి తియ్యకుండా గడప దాటరు కదండి. అత్తారు అస్సాంలో ఉన్నారు. నేను పుట్టింటిదాన్ని, నేను తియ్యకూడదు. ఇంటి పెద్ద ముత్తయిదువ తియ్యాలి."

అని బుట్ట దించి, వాకిట్లో అలా నిలబడింది. జోనాలీ నిలబడింది. దానం కావిడి దించలేదు. రోహిణి కార్తె దగ్గరకొచ్చిన ఎండ. పిల్ల నిద్రలేచి, ఎండకి కళ్ళు చికిలించి, ఏడుపు మొదలెట్టింది. జోనాలీ కొంగు కప్పింది. ఏడుపు ఆగలేదు.

లోపల గిన్నెల చప్పుడయింది. ఎవరో విసురుగా బిందె వంచిన చప్పుడు. మంగాయమ్మ పళ్ళెంలో ఎర్రనీళ్ళు పట్టుకుని వచ్చింది.

"పసిగుడ్డుని ఎండలో నిలబెట్టి బేరాలేంటి మీకు?" అంది మొగుణ్ణి చూసి. "ఆ కుర్చీ తియ్యండి. ఏడు తరాల నుంచి ఈ గడపలో ఇలాంటి పని జరగలేదు." ఏ పని జరగలేదో చెప్పలేదు.

ఆయన కుర్చీ తీశాడు. ఆమె తల్లీ బిడ్డలకి మూడుసార్లు తిప్పి, ఎర్రనీళ్ళు వాకిట్లో ఒలికించింది. "కుడికాలు పెట్టమ్మా" అంది. జోనాలీ కుడికాలు పెట్టింది. ప్రదీప్ తాళం తీశాడు. అయిదు నెలలుగా మూసి ఉన్న గాలి బయటికొచ్చింది.

సారె బుట్టని మంగాయమ్మ ముట్టుకోలేదు. అరుగు చివర పెట్టమని చూపించింది. సూరమ్మ అక్కడే పెట్టింది. ఆ సంగతి దాచి రాస్తే ఈ కథ కథ కాదు.

గదిలో పిల్ల ఏడుపు ఆగడం లేదు. జోనాలీ అటూ ఇటూ తిప్పుతోంది. మంగాయమ్మ గుమ్మం దగ్గర నిలబడి చూసి, చూసి, వెనక్కి తిరిగింది.

"దీనికి రోజూ నీళ్ళెవరు పోస్తన్నారు?"

"నేనేనండి" అంది సూరమ్మ వాకిట్లోంచి.

"ఆ పిల్లకి చేతకాదల్లే ఉంది. మెడ కూడా నిలపలేకపోతంది. రేపట్నుంచి వచ్చి పోసి వెళ్ళు."

"ఆయ్. ఎటువైపు నుంచి రమ్మంటారండి? దొడ్డిదారినా, ఇటా?"

వీధి వీధంతా వింటోంది. గోవిందరాజులు గారు రసీదులు మళ్ళీ విప్పాడు. మంగాయమ్మ పళ్ళెం ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. చెంప మీద చెమట తుడుచుకుంది.

"ఆ గది గుమ్మం వాళ్ళది. అద్దె కడతన్నారు" అంది. "నన్నడుగుతావేంటి?"

అని లోపలికి వెళ్ళిపోయింది.

సూరమ్మ కాళ్ళు కడుక్కుని, వాకిలి దాటి, అరుగెక్కి, ముందు గుమ్మంలోంచి లోపలికి వెళ్ళి పిల్లని తీసుకుంది.